రిమ్‌స్కీ-కోర్సకోవ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రష్యన్ స్వరకర్త, సంగీత గురువు నికొలాయ్ రిమ్‌స్కీ-కోర్సకోవ్ (1844–1908) గురించి వచ్చిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నాం. స్వరాలను వీలైనచోటల్లా సరిగమల్లోనే చెప్పాం. స అన్నచోట పియానో మీద సి అనుకోండి.

ఓడ మీద ఉద్యోగం చేసిన మనిషి సంగీత కళాశాలలో ప్రొఫెసర్ ఎలా అయ్యాడు? హార్మొనీ (ఒకేసారి పలికే స్వరాల కూర్పు) రాకుండానే చేరాడని చదివాను. నిజమేనా?
డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

నిజమే. గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదిది, ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తూర్పున తీఖ్విన్ అనే చిన్న ఊళ్లో 1844 మార్చి 18న పుట్టాడు. (కొన్ని పుస్తకాల్లో మార్చి 6 అని ఉంటుంది. అప్పటి రష్యా క్యాలెండర్ మిగతా యూరప్ కంటే 12 రోజులు వెనక ఉండేది కాబట్టి ఆయన జీవితంలో ప్రతి తేదీకీ ఇలా రెండు అంకెలు కనిపిస్తాయి.) తనకన్నా ఇరవై రెండేళ్లు పెద్దవాడైన అన్న అప్పటికే నౌకాధికారి. ఇంట్లోవాళ్లు పన్నెండో ఏట ఇతన్నీ రాజధానిలోని నౌకాదళ పాఠశాలలో చేర్పించారు. పియానో అక్కడ ఖాళీ సమయపు పని. కనీల్ అనే పియానో మాస్టారు 1861లో స్వరకర్త బలాకిరెవ్‌కు పరిచయం చేయడంతో దారి మారింది. బలాకిరెవ్ చుట్టూ చేరిన నలుగురూ వేరే వేరే చదువులవాళ్లు. బొరొదిన్ రసాయన శాస్త్రవేత్త, క్యూయీ కోటలు కట్టే సైనిక ఇంజనీరు, ముసోర్గ్‌స్కీ సైన్యం వదిలిన గుమాస్తా, ఈయన నావికుడు.

1862 నుంచి 1865 దాకా అల్మాజ్ అనే ఓడ మీద ఇంగ్లండ్, న్యూయార్క్, రియో డి జనీరో, మధ్యధరా సముద్రం తిరిగాడు. మొదటి సింఫనీలో రెండో భాగాన్ని ఇంగ్లండ్ తీరంలో ఓడ ఆగి ఉన్నప్పుడే రాసి బలాకిరెవ్‌కు పోస్టులో పంపాడు. తిరిగొచ్చిన ఏడాదే బలాకిరెవ్ ఆ సింఫనీని వాయింపించాడు.

1871లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సంగీత కళాశాల, అంటే కన్సర్వేటరీ నుంచి పిలుపు వచ్చింది: స్వరరచన, వాద్యరచన (ఏ స్వరం ఏ వాద్యానికి ఇవ్వాలన్న విద్య) పాఠాలు చెప్పాలి, విద్యార్థుల ఆర్కెస్ట్రాను నడపాలి. వయసు 27. అప్పటికి ఒక కీర్తన బాణీకి నాలుగు గొంతుల హార్మొనీ పద్ధతిగా కట్టిన అనుభవం లేదు. కౌంటర్‌పాయింట్ (రెండు మూడు బాణీలను ఒకేసారి నడిపే విద్య) అభ్యాసం ఒక్కటీ చేయలేదు. చాలా కార్డ్‌ల (ఒకేసారి పలికే స్వరగుచ్ఛాల) పేర్లే తెలియవు. ‘సద్కో’, ‘అంతార్’ లాంటి వాద్యబృంద రచనలు మాత్రం అప్పటికే చేసి ఉన్నాడు. చెవి చెప్పిందల్లా చేయి రాసింది, ఎందుకలా రాసిందో వివరించమంటే మాటలు లేవు. ఒప్పుకున్నాడు. నౌకాదళం యూనిఫారంలోనే వచ్చి పాఠాలు చెబుతూ, విద్యార్థుల కంటే కొన్ని పాఠాలు ముందు ఉండేలా చదువుకున్నాడు. స్వరకర్త చైకోవ్‌స్కీని సలహా అడిగాడు, చైకోవ్‌స్కీ రాసిన హార్మొనీ పుస్తకాన్నే పట్టుకుని కూర్చున్నాడు. 1875 వేసవిలో పదుల కొద్దీ ఫ్యూగ్‌లు (ఒకే బాణీని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచనలు) రాసి, వాటిలో కొన్ని చైకోవ్‌స్కీకి పంపి దిద్దించుకున్నాడు. పేరున్న స్వరకర్త ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ విద్యార్థిలా అభ్యాసాల పుస్తకం తెరవడం చూసి బలాకిరెవ్ బృందంలో కొందరు ముఖం చిట్లించారు. చైకోవ్‌స్కీ మాత్రం ఆ పట్టుదలను మెచ్చుకున్నాడు.

1873లో నౌకాదళం బ్యాండ్‌ల పర్యవేక్షకుడి ఉద్యోగం వచ్చింది. అప్పుడు కూడా అదే పద్ధతి: ఫ్లూట్, క్లారినెట్, ట్రాంబోన్ ఇంటికి తెచ్చుకుని ఊది చూశాడు. ఏ స్వరం తేలిగ్గా పలుకుతుందో, ఏది మొండికేస్తుందో వేళ్లతో, పెదవులతో తెలుసుకున్నాడు. ఆయన వాద్యరచనకు అసలు పునాది అక్కడే పడిందని మా అభిప్రాయం.

కర్ణాటక సంగీతం నేర్పుతాను. పిల్లలు కొందరు కీబోర్డు పరీక్షలకు హార్మొనీ అడుగుతున్నారు. ఆయన పద్ధతిలో మొదటి పాఠం ఎలా ఉంటుంది?
సంగీతం టీచర్, కాకినాడ

ఆయన 1880లలో రష్యా చక్రవర్తి ఆస్థాన గాయక బృందం (చాపెల్) పిల్లల కోసం హార్మొనీ పాఠ్యపుస్తకం రాశాడు. వరుస సూటిగా ఉంటుంది. ముందు మూడే కార్డ్‌లు: స-గ-ప (మొదటిది), మ-ద-స (నాలుగోది), ప-ని-రి (ఐదోది). నాలుగు గొంతులు: కింద నుంచి బాస్, టెనర్, ఆల్టో, సొప్రానో. ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి నాలుగు గొంతులూ ఎలా నడవాలన్నదే మొదటి పాఠం.

మొదటి సూత్రం. రెండు కార్డ్‌లలో ఉమ్మడి స్వరం ఉంటే దాన్ని ఆ గొంతులోనే కదలకుండా ఉంచాలి. మిగతావి దగ్గరి స్వరానికి నడవాలి. మొదటి కార్డ్‌ను కింద నుంచి స, ప, స, గ అని పెట్టండి. ఐదో కార్డ్‌కు వెళ్లేటప్పుడు ప ఉమ్మడి, కాబట్టి టెనర్ ప మీదే నిలుస్తుంది. ఆల్టో స నుంచి కిందికి ని, సొప్రానో గ నుంచి రి, బాస్ మాత్రం స నుంచి ప కు దూకుతుంది. అయిపోయింది. నాలుగో కార్డ్‌కు వెళ్లేటప్పుడు స ఉమ్మడి. ఆల్టో నిలుస్తుంది, టెనర్ ప నుంచి ద, సొప్రానో గ నుంచి మ, బాస్ స నుంచి మ.

పిల్లలు తప్పు చేసేది నాలుగు నుంచి ఐదుకు వెళ్లేచోట. మ, ద, స, మ అని ఉన్న కార్డ్ పక్కనే ప, ని, రి, ప ఉంది కదా అని నాలుగు గొంతుల్నీ ఒక్కో మెట్టు పైకి జరిపేస్తారు. చేతికి అది హాయి. చెవికి మాత్రం నాలుగు గొంతులు రెండైపోతాయి. బాస్, సొప్రానో రెండూ మ నుంచి ప కు కలిసి నడిచాయి, అంటే ఒకే గొంతు రెండు స్థాయిల్లో పాడినట్టే. బాస్, ఆల్టో మధ్య మ-స అనే పంచమ దూరం ప-రి అనే పంచమ దూరంగా అలాగే జరిగింది. వీటినే సమాంతర అష్టకాలు, సమాంతర పంచమాలు అంటారు. పరీక్షలో మార్కులు పోయేది వీటికే. మందు ఒక్కటే: ఉమ్మడి స్వరం లేనప్పుడు బాస్ పైకి వెళ్తే మిగతా మూడూ కిందికి రావాలి. బాస్ మ నుంచి ప, టెనర్ ద నుంచి ప, ఆల్టో స నుంచి ని, సొప్రానో మ నుంచి రి. వాయించి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇది చేయి తిరిగాక పై బాణీ ఇచ్చి కింద మూడు గొంతులు కట్టించాలి. ఒక్కో స్వరానికి ఏ కార్డ్ సరిపోతుందో పిల్లలతోనే రాయించండి: స కు మొదటిది లేదా నాలుగోది, రి కి ఐదోది, గ కు మొదటిది, మ కు నాలుగోది. స, ప లకు మాత్రం రెండేసి దారులు ఉన్నాయి, ఎంపిక అక్కడే మొదలవుతుంది.

శ్రుతి మార్పిడికి ఆయన గీసిన హద్దు కూడా పనికొస్తుంది. (మేజర్ అంటే అంతర గాంధారం, మైనర్ అంటే సాధారణ గాంధారం ఉన్న శ్రుతి.) సి మేజర్‌కు దగ్గరి బంధువులు ఆరు: ఎ మైనర్, జి మేజర్, ఇ మైనర్, ఎఫ్ మేజర్, డి మైనర్, వీటితోపాటు ఎఫ్ మైనర్. ఆ ఆరోదాన్ని చాలా పుస్తకాలు ఈ లెక్కలో చేర్చవు. రష్యన్ సంగీతంలో తరచుగా వినిపించే ఆ చీకటి మలుపు చాలావరకు దానివల్లే. ఒక హెచ్చరిక: రాగంలో పాడే కృతికి ఈ కార్డ్‌లు తగిలించవద్దు. గమకం ఉన్నచోట స్థిరమైన కార్డ్ స్వరాన్ని మేకు కొట్టినట్టు ఆపేస్తుంది. ఈ విద్య వేరు, ఆ విద్య వేరు.

కంప్యూటర్‌లో ఆర్కెస్ట్రా శాంపిల్స్‌తో (ముందే రికార్డు చేసిన వాద్యాల శబ్దాలతో) అరేంజ్‌మెంట్ చేస్తాను. స్టూడియోలో బాగుంటుంది. అవే నొటేషన్లు నిజమైన వాద్యకారులకు ఇస్తే ఫ్లూట్ వినపడదు, హార్న్‌లు చప్పబడిపోతాయి. ఎక్కడ పొరపాటు?
అరేంజర్, హైదరాబాద్

మీ శాంపిల్స్‌లో ప్రతి వాద్యానికీ వేరే మైకు, వేరే ఫేడర్ (శబ్దం పెంచే మీట). ఫ్లూట్‌ను ట్రంపెట్‌తో సమానంగా పెంచుకోవచ్చు. హాల్లో ఆ ఫేడర్ ఉండదు, రాసేటప్పుడే బలాబలాలు లెక్క కట్టాలి. రిమ్‌స్కీ-కోర్సకోవ్ దశాబ్దాలపాటు రాస్తూ పూర్తిచేయకుండా వదిలిన ‘వాద్యరచన సూత్రాలు’ ఈ లెక్క గురించే. అల్లుడు, శిష్యుడు అయిన మక్సిమిలియన్ స్తైన్‌బర్గ్ దాన్ని సరిచేసి 1913లో అచ్చు వేయించాడు. ఉదాహరణలన్నీ స్వంత రచనల్లోవే. తను రాసి, వాయింపించి, చెవితో సరిచూసుకున్నదే చెప్పాడన్నమాట.

ఆ పుస్తకంలోని లెక్క ఇది. గట్టిగా వాయించేటప్పుడు ఒక ట్రంపెట్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా సమానం. వీటిలో ఒక్కోదానికి రెండు హార్న్‌లు సమానం. ఒక్క హార్న్‌కు రెండు చెక్క వాద్యాలు సమానం, అంటే రెండు ఫ్లూట్‌లు, లేదా రెండు ఓబోలు, రెండు క్లారినెట్లు, రెండు బసూన్‌లు. కాబట్టి ఒక్క ట్రంపెట్‌కు సరితూగాలంటే నాలుగు చెక్క వాద్యాలు ఒకే స్వరం పలకాలి. మెల్లగా వాయించేటప్పుడు ఈ తేడాలు దాదాపు చెరిగిపోతాయి, అన్నీ ఒకదానికొకటి సమానమే అనుకోవచ్చు. తీగ వాద్యాల సంగతి వాద్యకారుల సంఖ్యను బట్టి ఉంటుంది. మధ్యరకం ఆర్కెస్ట్రాలో మెల్లగా వాయిస్తే మొదటి వయొలిన్‌లు మొత్తం కలిసి ఒక ఫ్లూట్‌తో సమానం, గట్టిగా అయితే రెండింటితో. ఆయన దృష్టిలో మధ్యరకం అంటే మొదటి వయొలిన్‌లు 12, రెండో వయొలిన్‌లు 10, వయోలాలు 8, చెల్లోలు 6, డబుల్ బాస్‌లు 4 నుంచి 6. పెద్ద ఆర్కెస్ట్రా అంటే అదే వరుసలో 16, 14, 12, 10, 8 నుంచి 10.

ఇప్పుడు మీ స్కోరు తీయండి. గట్టి కార్డ్‌లో పై స్వరం ట్రంపెట్‌కు, మధ్య స్వరం ఒక్క హార్న్‌కు, కింది స్వరం ట్రాంబోన్‌కు ఇచ్చారా? మధ్య స్వరం సగం బలంతో ఉంది, కార్డ్ బోలుగా వినిపిస్తుంది. రెండు హార్న్‌లకు ఒకే స్వరం ఇవ్వండి. అదే కార్డ్‌లో గాంధారం ఒక్క క్లారినెట్‌కు వదిలేశారా? అది మేజరో మైనరో శ్రోతకు తెలియదు. గట్టి చోట ఇత్తడి వాద్యాలకు ఇచ్చిన కార్డ్ వాటిలోనే పూర్తి కావాలి. చెక్క వాద్యాలు దాన్ని పై స్థాయిలో తిరిగి పలికి మెరుపు తేవాలే తప్ప, దానిలోని కన్నాలు పూడ్చే పని వాటికి ఇవ్వకూడదు.

ఫ్లూట్ వినపడకపోవడానికి రెండో కారణం స్థాయి. ఫ్లూట్ అడుగు స్థాయి అందంగా, చల్లగా ఉంటుంది, కానీ బలం లేదు. దాని కింద తీగ వాద్యాలు గట్టిగా సాగితే మునిగిపోతుంది. అక్కడ ఫ్లూటే కావాలనుకుంటే మిగతావాళ్లను తగ్గించండి, లేదా ఒక స్థాయి పైకి తీసుకెళ్లండి. ఓబో దీనికి పూర్తి వ్యతిరేకం: అడుగు స్థాయిలో మెల్లగా పలకడమే కష్టం, మొరటుగా పైకి పొడుచుకొస్తుంది. క్లారినెట్ అడుగు స్థాయి నిండుగా ఉంటుంది, గొంతు స్వరాలనే మధ్య భాగం పేలవం.

మూడోది ఊపిరి. శాంపిల్ ఊపిరి తీసుకోదు. ఫ్లూట్‌కు గాలి చాలా ఖర్చవుతుంది. ఇత్తడి వాద్యకారుడికి పెదవులు అలసిపోతాయి. పొడుగు స్వరాలను ఇద్దరికి పంచి, ఒకరు ఆపేచోట ఇంకొకరు అందుకునేలా రాయండి. నాలుగోది యంత్రం. వాల్వ్ లేని మామూలు ట్రాంబోన్‌కు మంద్రంలో బి-ఫ్లాట్ అంటే గొట్టం పూర్తిగా లోపలికి, పక్కనున్న బి అంటే చేయి చాచినంత దూరం బయటికి. ఆ రెండు స్వరాల మధ్య వేగంగా ఊగమని రాస్తే ఎంత గొప్ప వాద్యకారుడైనా పలికించలేడు. కీబోర్డు మీద మాత్రం పక్కపక్క మెట్లే.

చివరిగా, అన్నిటినీ అన్నిటితో కలిపేయకండి. వయొలిన్‌లు, ఫ్లూట్, ఓబో, క్లారినెట్ ఒకే బాణీని రోజంతా కలిసి వాయిస్తే ఏ రంగూ మిగలదు. ఒంటరి వాద్యానికి ఉన్న వ్యక్తిత్వం కలగలుపుకు ఉండదని ఆయన పదే పదే చెబుతాడు.

ఇంట్లో చేసుకోదగిన అభ్యాసం కూడా ఆయన నుంచే. స్త్రవీన్‌స్కీకి పాఠం చెప్పేటప్పుడు తన ‘పాన్ వొయెవోద’ ఒపెరా పియానో స్కోరులోంచి కొన్ని పేజీలిచ్చి ఆర్కెస్ట్రాకు రాయమనేవాడు. రాసుకొచ్చాక తను రాసినది పక్కన పెట్టి చూపించి, తేడా ఎందుకు వచ్చిందో శిష్యుడి చేతే చెప్పించేవాడు. మీరు ‘షెహరజాద్’ పియానో స్కోరు తీసుకుని ఎనిమిది ఆవర్తాలు (బార్లు) ఆర్కెస్ట్రాకు రాయండి. తర్వాత అసలు స్కోరు తెరవండి. ఆయన రచనల కాపీరైట్ గడువు ఎప్పుడో ముగిసింది, స్కోర్లు ఉచితంగా, న్యాయబద్ధంగానే దొరుకుతాయి.

‘షెహరజాద్’ ముప్పావు గంట రచన. పాశ్చాత్య సంగీతం కొత్త. దేన్ని పట్టుకుని వినాలి?
గృహిణి, నెల్లూరు

1888 వేసవిలో రాసి, ఆ శరదృతువులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తనే నిర్వహించిన రచన. వెయ్యిన్నొక్క రాత్రుల కథల వాతావరణం. నాలుగు భాగాలు. రెండు బాణీలు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదలవగానే ట్రాంబోన్‌లు, ట్యూబా, అడుగు స్థాయి తీగ వాద్యాలు అన్నీ కలిసి ఒకే బరువైన వరుస పలుకుతాయి. దాన్ని సుల్తాను అనుకోవచ్చు. తర్వాత చెక్క వాద్యాలు మెల్లని కార్డ్‌లు పలుకుతాయి, ఆ వెంటనే హార్ప్ తోడుగా ఒంటరి వయొలిన్ అల్లుకుంటూ వస్తుంది. కథ చెప్పే షెహరజాద్ ఆమే. ప్రతి భాగంలోనూ ఆ వయొలిన్ తిరిగొస్తుంది.

రెండో భాగం మొదట్లో ఒక్క చోటు ప్రత్యేకంగా వినండి. వయొలిన్ ఆగాక ఒంటరి బసూన్ కథ ఎత్తుకుంటుంది. దాని కింద ఉన్నది నలుగురు డబుల్ బాస్ వాద్యకారులు మాత్రమే, తీగలను మోసే బ్రిడ్జి మీద మ్యూట్ (శబ్దాన్ని తగ్గించే బిళ్ల) పెట్టి తంబురాలా నిలిపిన స్వరాలు. అంత పెద్ద ఆర్కెస్ట్రా చేతిలో ఉండగా ఐదుగురితో సరిపెట్టాడు. పై జవాబులో చెప్పిన పొదుపు ఇదే. నాలుగో భాగం చివర ఓడ బద్దలైన తర్వాత సుల్తాను బాణీ మెత్తబడి వినిపిస్తుంది, వయొలిన్ అతి తారస్థాయిలో ముగిస్తుంది.

సింద్‌బాద్ ఓడ, బాగ్దాద్ పండుగ అంటూ భాగాలకు మొదట పేర్లు పెట్టి, తర్వాత తీసేశాడు. శ్రోత కథను వెతుక్కుంటూ సంగీతాన్ని వదిలేయడం ఆయనకు ఇష్టం లేదు. కాబట్టి ఏ బాణీ ఏ పాత్రదో అని తల బద్దలు కొట్టుకోకండి. రికార్డింగ్‌ల్లో కండక్టర్ కొంద్రాషిన్ ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాతో 1979లో చేసినది మా మొదటి సిఫారసు.

‘రిమ్‌స్కీ-కోర్సకోవ్ స్కేల్’ అంటారే, అది మన మేళకర్తల్లో ఎక్కడ ఉంది?
వయొలిన్ విద్యార్థిని, విజయనగరం

ఎక్కడా లేదు. ఒక పూర్తి స్వరం, ఒక అర్ధస్వరం, మళ్లీ పూర్తి, మళ్లీ అర్ధం అని మెట్లు వేస్తే వచ్చేది: స, చతుశ్రుతి రి, సాధారణ గ, శుద్ధ మ, ప్రతి మ, శుద్ధ ద, చతుశ్రుతి ద, కాకలి ని. ఎనిమిది స్వరాలు, రెండు మధ్యమాలు, రెండు ధైవతాలు, పంచమం లేనే లేదు. మేళకర్తకు ఏడు స్వరాలు, పంచమం తప్పనిసరి కదా.

వాయించి చూస్తే ఇంకో వింత కనిపిస్తుంది. ప్రతి మూడు అర్ధస్వరాలకూ అదే ఆకారం తిరిగి వస్తుంది కాబట్టి ఏది ఆధార స్వరమో చెవికి తేలదు. మొత్తం మీద దీనికి మూడే వేర్వేరు శ్రుతులు ఉన్నాయి, అర్ధస్వరం చొప్పున మూడోసారి జరిపితే మొదటిదే వస్తుంది. ఈ స్వరాల్లోనే ఎఫ్, ఎ-ఫ్లాట్, బి, డి మేజర్ కార్డ్‌లు నాలుగూ దొరుకుతాయి. సాధారణ వ్యాకరణంలో అవి ఒకదానికొకటి ఏమీ కానివి. 1867లో ‘సద్కో’ వాద్యబృంద రచనలో గాయకుడు సముద్రం అడుగుకు దిగిపోయేచోట ఈ వరుసను వాడాడు, తర్వాత ఒపెరాల్లోనూ వదల్లేదు. మామూలు మనుషులకు జానపద బాణీలు, మాయలోకానికి ఈ ఆధారం లేని వరుస. ఆయన కథల ఒపెరాల్లో చాలాచోట్ల పని జరిగేది ఈ విభజనతోనే. ఈ అలవాటే శిష్యుడు స్త్రవీన్‌స్కీ చేతిలో ఇరవయ్యో శతాబ్దపు సంగీతంలోకి నడిచింది.

ఆయన రాసిన ‘భారత అతిథి పాట’లో మన రాగం ఏమైనా ఉందా? ఆయన భారతదేశం వచ్చాడా?
పాఠకుడు, డల్లాస్

రెండింటికీ లేదనే జవాబు. ఆయన ఎక్కిన ఓడ హిందూ మహాసముద్రానికి రాలేదు. పాట ‘సద్కో’ ఒపెరాలోది (1867 నాటి వాద్యబృంద రచన వేరు, ఈ ఒపెరా వేరు). 1898 జనవరిలో మాస్కోలో మామొంతోవ్ ప్రైవేటు ఒపెరాలో మొదట ప్రదర్శించారు. నవ్‌గొరోద్ రేవులో ముగ్గురు విదేశీ వర్తకులు తమ తమ దేశాల గురించి పాడతారు: ఉత్తర సముద్రపు వరాంగియన్, భారతీయుడు, వెనిస్‌వాడు. మన వర్తకుడు టెనర్. రాతి గుహల్లో లెక్కలేనన్ని వజ్రాలు, దక్షిణ సముద్రంలో లెక్కలేనన్ని ముత్యాలు అంటూ మొదలుపెడతాడు.

బాణీ అర్ధస్వరాల మీదుగా జారుతూ దిగుతుంది, కింద ఒక స్వరం నిలిచి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ స్వరకర్తలు ‘తూర్పు’ అనగానే వాడిన పద్ధతి అది. పర్షియా అయినా అరేబియా అయినా భారత్ అయినా అదే. అయినా అందమైన పాటే. వజ్రాల మాట మాత్రం గాలిలోంచి రాలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లాయి, కొల్లూరు లాంటి కృష్ణా తీరపు గనులు అందులో పేరెన్నికగన్నవి. ఆ కీర్తి రష్యా కథల దాకా పాకింది. అమెరికాలో ఉన్నారు కాబట్టి ఈ బాణీని టామీ డోర్సీ జాజ్ బృందం 1937లో చేసిన రికార్డు కూడా వినండి.

ముసోర్గ్‌స్కీ రచనలను ఈయన పాడుచేశాడని ఒకరు, కాపాడాడని ఒకరు అంటారు. ఏది నిజం?
పాఠకుడు, తిరుపతి

ముసోర్గ్‌స్కీ 1881లో చనిపోయేనాటికి ‘ఖొవాన్‌షినా’ ఒపెరా అసంపూర్ణం. కాగితాలు చిందరవందర. రిమ్‌స్కీ-కోర్సకోవ్ సొంత పని పక్కన పెట్టి దాన్ని పూర్తిచేశాడు. బొరొదిన్ 1887లో పోయాక ‘ప్రిన్స్ ఇగోర్’ను శిష్యుడు గ్లజునోవ్‌తో కలిసి పూర్తిచేసి 1890లో రంగస్థలం ఎక్కించాడు. ఈ పనికి ఆయన డబ్బు ఆశించలేదు. వేదికల మీద ఈ రచనలు బతికాయంటే ముఖ్యంగా ఆయన చలవే.

కానీ పూర్తిచేయడంతో ఆగలేదు, దిద్దాడు. ‘బొరిస్ గొదునోవ్’ ముసోర్గ్‌స్కీ బతికుండగానే 1874లో ప్రదర్శించిన పూర్తి రచన. దాన్ని కూడా 1896లో, మళ్లీ 1908లో మార్చాడు. మొరటు కార్డ్‌లను నున్నగా చేశాడు, లయ, శ్రుతులు మార్చాడు, వాద్యరచనకు తళుకు అద్దాడు. ఆయనకు తప్పులుగా కనిపించినవే ముసోర్గ్‌స్కీ గొంతు. మా తీర్పు అడిగితే, ‘బొరిస్’ను ముసోర్గ్‌స్కీ రాసినట్టే వినాలి. రికార్డు కొనేముందు పెట్టె మీద ముసోర్గ్‌స్కీ సొంత రూపాల ఏళ్లు 1869 లేదా 1872 అని ఉందో, రిమ్‌స్కీ-కోర్సకోవ్ పేరుందో చూసుకోండి.

‘బోడికొండ మీద రాత్రి’ని పోల్చుకోవడం ఇంకా తేలిక. చివర గుడిగంట మోగి, తుఫాను తగ్గి, క్లారినెట్, తర్వాత ఫ్లూట్ తెల్లవారుజామును పలికితే అది రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1886లో కూర్చినది. ఆ తెల్లవారుజాము ఆలోచన ముసోర్గ్‌స్కీదే, తర్వాత ముసోర్గ్‌స్కీ ఒక ఒపెరా కోసం చేసిన రూపంలోంచి తీసుకున్నది. మంత్రగత్తెల గోలతోనే ముగిసిపోతే 1867 నాటి అసలు రచన. దానికి కండక్టర్ అబ్బాదో రికార్డింగ్ ఉంది.

విద్యార్థుల పక్షం వహించినందుకు ఆయన ఉద్యోగం తీసేశారట?
లెక్చరర్, ఖమ్మం

1905 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నిరాయుధులైన జనం మీద సైన్యం కాల్పులు జరిపాక కన్సర్వేటరీ విద్యార్థులూ తరగతులు మానేశారు. పోలీసులు భవనాన్ని చుట్టుముట్టారు. ఆయన విద్యార్థుల హక్కును సమర్థిస్తూ, డైరెక్టర్ తప్పుకోవాలంటూ బహిరంగ లేఖ రాశాడు. మార్చిలో ఆయన్నే తొలగించారు. నిరసనగా గ్లజునోవ్, ల్యాదోవ్ రాజీనామా చేశారు, సుమారు 300 మంది విద్యార్థులు బయటికి నడిచారు. విద్యార్థులు ఆయన ‘కష్చెయ్’ ఒపెరాను ప్రదర్శిస్తే అది సభగా మారి, పోలీసులు ఆపించారు. కొంతకాలం ఆయన రచనల ప్రదర్శన మీద నిషేధం పెట్టారు. ఆయన ఇంట్లోనే పాఠాలు కొనసాగించాడు. ఏడాది చివర్లో గ్లజునోవ్ డైరెక్టరయ్యాక తిరిగి చేరాడు. చివరి ఒపెరా ‘బంగారు కోడిపుంజు’ తెలివితక్కువ రాజు కథ. సెన్సారు పేచీ పెట్టింది, దాన్ని వేదిక మీద చూడకుండానే 1908 జూన్ 21న కన్నుమూశాడు.

శిష్యుల జాబితా పెద్దది: గ్లజునోవ్, ల్యాదోవ్, అరేన్‌స్కీ, స్త్రవీన్‌స్కీ, ప్రొకోఫియెవ్, మ్యాస్కోవ్‌స్కీ. ఇటలీ నుంచి ఒపెరా ఆర్కెస్ట్రాలో వయోలా వాయించడానికి వచ్చిన రెస్పీగీ ఐదు నెలలు పాఠాలు చెప్పించుకున్నాడు. స్తైన్‌బర్గ్ ద్వారా ఆ పరంపర షొస్తకోవిచ్ దాకా వెళ్లింది. ఆయన అందరికీ ఒకే సలహా ఇవ్వలేదని గమనించండి. స్త్రవీన్‌స్కీని కన్సర్వేటరీలో చేరవద్దన్నాడు, ముందు హార్మొనీ, కౌంటర్‌పాయింట్ ఇంటి దగ్గర నేర్చుకోమన్నాడు.

ఆయనకు స్వరాల్లో రంగులు కనిపించేవా?
ఇంటర్ విద్యార్థి, ఒంగోలు

శ్రుతుల్లో. సి మేజర్ తెలుపు, డి మేజర్ పగటి పసుపు, ఎఫ్ మేజర్ ఆకుపచ్చ, ఎ మేజర్ గులాబీ, ఇ మేజర్ మెరిసే నీలమణి. ‘షెహరజాద్’ మొదటి భాగంలో సముద్రం ఇ మేజర్‌లోనే ఉంది.

మా అబ్బాయి కీబోర్డు మీద ‘తుమ్మెద’ వాయిస్తాడు. వేగం పెంచగానే వేళ్లు చిక్కుపడుతున్నాయి. ఏం చేయాలి?
తండ్రి, వరంగల్

ఇది ‘జార్ సల్తాన్’ (1900) ఒపెరాలోది. మాయ హంస ఒకటి యువరాజును తుమ్మెదగా మార్చి పంపే ఘట్టం. అసలు రచనలో ఆ పరుగు ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి మారుతుంటుంది, పియానోకు చేసినవి తర్వాతి అనుసరణలు. అంటే అబ్బాయి ఒక్కడే ఎందరి పనో చేస్తున్నాడు. నిమిషానికి 144 దెబ్బల వేగంలో సెకనుకు తొమ్మిదికి పైగా స్వరాలు పడాలి.

చిక్కు దాదాపు ఎప్పుడూ వేళ్ల వరుసలోనే. కుడిచేతికి తెల్ల మెట్ల మీద బొటనవేలు (1), నల్ల మెట్ల మీద మధ్యవేలు (3), తెల్లవి రెండు పక్కపక్కన వచ్చేచోట రెండోది చూపుడువేలితో (2). సి నుంచి పైకి: 1, 3, 1, 3, 1, 2, 3, 1, 3, 1, 3, 1, ఆపై సి మీద 2. దిగేటప్పుడు కూడా అవే మెట్లకు అవే వేళ్లు. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి పెడితే వేగంలో చేయి తడబడుతుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) 60 దగ్గర మొదలుపెట్టించండి, ఒక్కో దెబ్బకు నాలుగు స్వరాలు, ప్రతి నాలుగింటిలో మొదటిది కొంచెం ఒత్తి. మూడుసార్లు వరుసగా తప్పు లేకుండా వస్తే నాలుగు అంకెలు పెంచండి, రాకపోతే ఎనిమిది తగ్గించండి. మణికట్టు బిగిసిందంటే ఆ రోజుకు ఆపేయాలి, నొప్పితో సాధన చేస్తే బిగుసుకుపోవడమే అలవాటవుతుంది. మెట్లను లోతుగా నొక్కవద్దనండి. ఒపెరాలో ఆ తుమ్మెద సముద్రం మీద దూరంగా ఎగిరిపోతుంది కాబట్టి చివరి వరుసల్లో శబ్దం తగ్గాలి, వేగం తగ్గకూడదు.